ఒలీక్ యాసిడ్ వెసికిల్స్: పీకేఏ 4.8 అయితే 8.5 దగ్గర ఎందుకు తెల్లబడుతోంది?

నల్లపాడు_కుర్రోడు
ఎమ్మెస్సీ ఫైనలియర్ ప్రాజెక్టు. ఒలీక్ యాసిడ్‌తో వెసికిల్స్ (లోపల నీళ్ళున్న సన్నటి బుడగలు) చేసి లోపల రంగు పట్టించి చూపించాలి, టాపిక్ అంతే. గైడు గారు ఒక పేపర్ చేతిలో పెట్టి పీహెచ్ 8.5 దగ్గర ఉంచు, అదే అయిద్ది అని చెప్పి వెళ్ళిపోయారు. నాకు అసలు లెక్కే కుదరట్లేదు. కార్బాక్సిలిక్ యాసిడ్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 4.8 అని డిగ్రీ నుంచీ చదువుతున్నాం కదా, 8.5 దగ్గర హెండర్సన్ సూత్రం (పీహెచ్, పీకేఏ నుంచి అయాన్ల వాటా తేల్చేది) వేస్తే ఐదు వేల అణువుల్లో ఒక్కటి తప్ప మిగతావన్నీ అయాన్లే. అంటే మొత్తం సబ్బే, అంటే మిసెల్స్ (సబ్బు అణువుల చిన్న గుంపులు) రావాలి, క్లియర్‌గా ఉండాలి. నాకేమో కాస్టిక్‌లో కరిగించినప్పుడు క్లియర్‌గానే ఉంటది, తర్వాత హెచ్‌సీఎల్ చుక్కలు వేస్తుంటే 10 దిగాక మసక మొదలయిద్ది, ఇంకాస్త వేస్తే తెల్లగా, ఇంకా వేస్తే పైన నూనె. కొన్నిసార్లు తెల్లటి తరకలు కూడా. ఇందులో వెసికిల్ ఏది, నూనె ఏది, చెత్త ఏది?

ఎర్రమిరప
చెప్పి వెళ్ళిపోయారు అన్న ముక్క ఒక్కటే మొత్తం ప్రాజెక్టులో అనుకున్నట్టు జరిగింది

మాస్టారు_బ్రాడీపేట
ఆ 4.8 తప్పు కాదు బాబూ, కాకపోతే అది నీళ్ళలో ఒంటరిగా తిరిగే అణువు లెక్క. నీ బీకర్‌లో ఒలీక్ యాసిడ్ ఒంటరిగా లేదు, గుంపుగా ఉంది, తలలన్నీ (నీళ్ళ వైపు ఉండే కార్బాక్సిల్ చివరలు) ఒకే ఉపరితలం మీద పక్కపక్కన. ఒక తల ప్రోటాన్ వదిలి మైనస్ అయింది, పక్కదీ అయింది, మూడోది కూడా వదలాలంటే ఇప్పటికే మైనస్‌లు కిక్కిరిసిన చోట ఇంకో మైనస్ ఇరికించాలి. అందుకని అది వదలదు. పైగా ఆ మైనస్ ఉపరితలం చుట్టుపక్కల ప్రోటాన్లని దగ్గరకి లాక్కుంటుంది. నీ మీటర్ చూపించేది బయటి నీళ్ళ పీహెచ్, తలల దగ్గర అంతకంటే తక్కువ ఉంటుంది. ఉపరితలం దగ్గర పొటెన్షియల్ 59 మిల్లీవోల్టులు మైనస్‌లోకి పోతే అక్కడ పీహెచ్ ఒక యూనిట్ తగ్గినట్టు లెక్క. దానికి తోడు ప్రోటాన్ ఉన్న తల, లేని తల రెండూ మధ్యలో ఒకే ప్రోటాన్ పంచుకుని హైడ్రోజన్ బంధంతో జతకడతాయి. ఇవన్నీ కలిసి ఒలీక్ యాసిడ్ గుంపులో సగం అయాన్, సగం యాసిడ్ అయ్యే చోటు 8.5 ప్రాంతానికి జరిగిపోతుంది. డెకనోయిక్ లాంటి పొట్టి గొలుసుకి 7 చుట్టుపక్కల. గొలుసు పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది.

కాబట్టి నువ్వు చూసిందంతా సరైన వరసలోనే ఉంది. 10 పైన దాదాపు అన్నీ అయాన్లు, మిసెల్స్, క్లియర్. 8, 9 మధ్య సగం సగం, వెసికిల్స్, మసక. 7 కిందకి వచ్చేసరికి యాసిడ్ ఎక్కువైపోయి నూనె చుక్కలు, పైకి తేలతాయి. 9, 10 మధ్యలో మిసెల్స్, వెసికిల్స్ రెండూ కలిసి ఉంటాయి, అక్కడ గీత గీయాలని చూడకు. నువ్వు హెండర్సన్ సూత్రం వాడటంలో పొరపాటు లేదు, అందులో 4.8 బదులు 8.5 వేసి చూడు.

బైపీసీ_బాధితురాలు
మాకు సీనియర్ ఇంటర్ సర్ఫేస్ కెమిస్ట్రీలో మిసెల్ ఒక్కటే ఉంది, సీఎంసీ (మిసెల్స్ కట్టడం మొదలయ్యే గాఢత) అంటే ఏంటి, క్రాఫ్ట్ ఉష్ణోగ్రత (సబ్బు మిసెల్స్ కట్టేంతగా కరిగే వేడి) అంటే ఏంటి, రెండేసి మార్కులు. వెసికిల్ అన్న మాటే లేదు. మిసెల్ గుండ్రంగా ఉండి తోకలు (కార్బన్ గొలుసులు) లోపల, తలలు బయట అని బొమ్మ వేస్తాం. మరి వెసికిల్ కూడా గుండ్రమే కదా, తేడా ఏంటండీ?

ఫార్ములేషన్_ఫణి
@బైపీసీ_బాధితురాలు మిసెల్ లోపల నీళ్ళు ఉండవు, తోకలే. సైజు నాలుగైదు నానోమీటర్లు. వెసికిల్ అంటే రెండు పొరల గోడ, గోడ లోపల మళ్ళీ నీళ్ళు. వంద నానోమీటర్ల నుంచి మైక్రాన్ల దాకా ఉంటది. మిసెల్ వెలుతురు తరంగం కంటే బాగా చిన్నది కాబట్టి ద్రావణం క్లియర్‌గా కనపడిద్ది, వెసికిల్ పెద్దది కాబట్టి వెలుతుర్ని చెదరగొట్టి మసకగా కనపడిద్ది. మా తమ్ముడు చూస్తున్న మసక అదే.

మందు లోపల పెట్టాలంటే నీళ్ళలో కరిగే మందుని వెసికిల్ మాత్రమే మోయగలదు. మిసెల్‌కి కొవ్వులో కరిగేవే పనికొస్తాయి.

బెంజిసర్కిల్_బాబాయ్
నేను కెమిస్ట్రీ వదిలేసి ముప్పై ఏళ్ళు, కానీ మాస్టారి మాట నాకు ఇట్టా అర్థమైంది. సాయంత్రం గుంటూరు బస్సులో అందరూ మోచేతులు బయటికి పెట్టి నిలబడితే ఎంతమంది పడతారు, సగం మంది చేతులు కట్టుకుంటే వరస దగ్గరగా పడిద్ది. ప్రోటాన్ తగిలించుకున్న తల చేతులు కట్టుకున్నోడు. కరెక్టేనా?

ఎర్రమిరప
బాబాయ్ ఆ బస్సులో చేతులు కట్టుకుంటే పర్సు పోద్ది

ఫార్ములేషన్_ఫణి
బాబాయ్ చెప్పింది కరెక్టే, దానికి లెక్క కూడా ఉంది. 1976లో ఇజ్రాయెలాష్విలి, మిచెల్, నిన్‌హామ్ ఇచ్చిన ప్యాకింగ్ పారామీటర్. తోక పరిమాణాన్ని, తల ఆక్రమించే వైశాల్యం ఇంటూ తోక పొడవుతో భాగించాలి. ఒక తోక పరిమాణాన్ని దాని పొడవుతో భాగిస్తే గొలుసు ఎంత పొడవున్నా సుమారు 21 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లే వస్తది, అది తోక లావు అనుకోండి. ఆ భాగహారం మూడోవంతు కంటే తక్కువైతే గుండ్రటి మిసెల్, అంటే తల 63 కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంటే. మూడోవంతు నుంచి సగం దాకా కడ్డీల్లాంటి పొడుగు మిసెల్స్. తల 42 కంటే కిందకి దిగితే రెండు పొరల షీటు, ఆ షీటు అంచులు మూసుకుపోతే వెసికిల్. కాస్టిక్ ఎక్కువున్నప్పుడు తలలన్నీ మైనస్, ఒకదాన్నొకటి తోసుకుంటాయి, చోటు ఎక్కువ కావాలి. యాసిడ్ వేస్తే సగం తలల మైనస్ పోయి దగ్గరకి జరుగుతాయి. అణువు మారలా, సీసా మారలా, తల చోటు మారింది అంతే.

ఫాస్ఫోలిపిడ్‌కి రెండు తోకలు కాబట్టి అది పీహెచ్‌తో పెద్దగా పని లేకుండానే వెసికిల్ అయిద్ది. ఫ్యాటీ యాసిడ్‌కి ఒక్కటే తోక, అందుకే ఇన్ని తిప్పలు. మాస్టారు చెప్పిన జత ఉంది చూశారా, రెండు తలలు ఒక ప్రోటాన్ పంచుకోవడం, అది కట్టాక రెండు తోకల అణువు లాగే ప్రవర్తిస్తది.

మాస్టారు_బ్రాడీపేట
ఫణి గారూ లెక్క బావుంది కానీ ఆ తల వైశాల్యం ముందుగా తెలిసే సంఖ్య కాదు. ఉప్పు వేస్తే మారుతుంది, వేడి చేస్తే మారుతుంది, గాఢత పెంచితే మారుతుంది. ఏం వచ్చిందో చూశాక ఎందుకొచ్చిందో చెప్పడానికి బాగా పనికొస్తుంది, ఏం వస్తుందో ముందు చెప్పడానికి అంత కాదు. పిల్లలు దాన్ని జాతకం లాగా పట్టుకుంటారు.

ఫార్ములేషన్_ఫణి
సార్ మీరు గాఢత అన్నారు కదా, అది మీ మొదటి పోస్టులో లేదు. పీహెచ్ 8.5 పెట్టినంత మాత్రాన అయిపోదు. గాఢత ఒక హద్దు దాటకపోతే ఏ పీహెచ్ దగ్గరా ఏమీ కట్టదు, విడి అణువులుగా తిరుగుతుంటాయి. ఒలీక్‌కి ఆ హద్దు చాలా తక్కువ, ఒక మిల్లీమోలార్‌కి బాగా కిందే. డెకనోయిక్‌కి పదుల మిల్లీమోలార్లు కావాలి. గొలుసులో ఒక్కో కార్బన్ పెరిగితే అయానిక్ సబ్బులకి సీఎంసీ దాదాపు సగం అవుతూ పోద్ది.

మాస్టారు_బ్రాడీపేట
ఒప్పుకుంటా. అతను గాఢత ఎంత వాడాడో చెప్పలేదు కాబట్టి అటు వెళ్ళలేదు.

నల్లపాడు_కుర్రోడు
20 మిల్లీమోలార్ వాడతన్నా సార్. ఫణి అన్నా, బఫర్ (పీహెచ్ కదలకుండా పట్టి ఉంచే ద్రావణం) ఏం లేదు, కాస్టిక్‌లో కరిగించి పైనుంచి హెచ్‌సీఎల్ అంతే

సబ్బులక్క_పటమట
ఈ తెల్లబడే గోల నాకు బాగా తెలుసు. నేను ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతా, కొబ్బరినూనెతో, కానుగతో. లిక్విడ్ సోప్ కూడా చేస్తా, అది పొటాషియం హైడ్రాక్సైడ్‌తో. ఈ మధ్య కస్టమర్లు అందరూ పీహెచ్ 5.5 ఉందా అండీ అని అడుగుతున్నారు, ఎక్కడో యాడ్‌లో చూసి. సరే అని తేనె రంగులో అద్దంలా ఉన్న లిక్విడ్ సోప్ ఒక మగ్గులో తీసుకుని సిట్రిక్ యాసిడ్ నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ కలిపా. ముందు పడిన చోట తెల్లటి చార వచ్చి కలిపితే పోయేది, తర్వాత పోవడం మానేసి మొత్తం చిక్కటి తెలుపు అయింది, స్ట్రిప్ పెడితే ఇంకా 8 మీదే ఉంది. 7 దాటాక నురగే రావడం మానేసింది, పొద్దున్నకి పైన నూనె పొర, కింద మురికి నీళ్ళు. అప్పుడు ఎవరూ చెప్పలా ఇందులో ఇంత కథ ఉందని. అంటే అసలు నూనె సబ్బు 5.5కి తేవడం కుదరదా?

మాస్టారు_బ్రాడీపేట
కుదరదమ్మా. 5.5 దగ్గర అది సబ్బుగా ఉండదు, ఫ్యాటీ యాసిడ్ అయిపోతుంది. నువ్వు అన్ని మజిలీలూ ఒకే మగ్గులో చూశావు. 5.5 అని అమ్మే బార్లు నూనె సబ్బులు కావు, వాటిలో తల సల్ఫేటో సల్ఫోనేటో ఉంటుంది, ఆ తలలు ఆ పీహెచ్ దగ్గర కూడా ప్రోటాన్ పట్టుకోవు.

సబ్బులక్క_పటమట
హమ్మయ్య. ఇంక కస్టమర్లకి ఈ లింకే పంపిస్తా. నా సబ్బు 9, 10 మధ్య ఉంటది, ఇష్టమైతే కొనండి లేకపోతే లేదు

ఎర్రమిరప
అక్కా అట్టా అమ్మితే ఆ పక్కన సిండెట్ (మాస్టారు చెప్పిన సల్ఫేట్ బార్ల) షాపు పెట్టుకోవడం నయం

బైపీసీ_బాధితురాలు
కుంకుడుకాయ కూడా నురగ వస్తుంది కదా, అది కూడా ఫ్యాటీ యాసిడేనా?

ఫార్ములేషన్_ఫణి
కాదు, అందులో ఉండేవి సాపోనిన్లు. నూనెని ప్రేమించే ముక్క ఒకటి, నీళ్ళని ప్రేమించే చక్కెర గొలుసులు ఒకటి. అవీ మిసెల్స్ కడతాయి. తల పని ముఖ్యంగా చక్కెరలే చేస్తాయి కాబట్టి పులుపు తగిలినా, కఠిన జలంలో (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో) కూడా నురగ ఇస్తది. మా అమ్మమ్మ బోరు నీళ్ళతోనే కుంకుళ్ళు కొట్టి తలంటేది.

మిల్లు_మనిషి
పిల్లాడు తరకలు అన్నాడు, ఎవరూ దాని సంగతి చెప్పట్లా. తమ్ముడూ నీళ్ళు ఏవి వాడుతున్నావు? డిస్టిల్డా, ల్యాబ్ ట్యాప్‌దా?

నల్లపాడు_కుర్రోడు
డిస్టిలేషన్ యూనిట్ హీటర్ పోయి చాన్నాళ్ళయింది అన్నా. పెద్ద క్యాన్‌లో ఎప్పటివో పట్టి పెట్టి ఉంటే అవి వాడతన్నా, అయిపోయిన రోజు ట్యాప్

మిల్లు_మనిషి
ట్యాప్ అంటే బోరు. అదే నీ తరకలు. నేను పత్తి గింజల నూనె రిఫైనింగ్‌లో పని చేశా, ఇప్పుడు తవుడు నూనె. క్రూడ్‌లో ఉండే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్‌ని కాస్టిక్‌తో కొట్టి సబ్బు చేసి కిందకి దించుతాం, దాన్నే సోప్ స్టాక్ అంటాం. తర్వాత నూనెని వేడినీళ్ళతో కడుగుతాం, ఆ నీళ్ళు మాత్రం సాఫ్ట్‌నర్ దాటి రావాల్సిందే. కఠిన జలం పోస్తే కాల్షియం సబ్బు వచ్చి నూనెకీ నీళ్ళకీ మధ్యలో జిగురు పొరగా నిలబడిద్ది, సెపరేటర్ డిస్కులకి అంటుకుంటది, ఆపి గీకాలి. షిఫ్ట్ మొత్తం పోద్ది.

లెక్క చెప్తా చూడు. బోరు నీళ్ళ కఠినత 400 పీపీఎం ఉందనుకో, కాల్షియం కార్బొనేట్ లెక్కలో, అంటే 4 మిల్లీమోలార్. ఒక్కో కాల్షియం రెండు ఒలియేట్లని (ఒలీక్ అయాన్లని) పట్టుకుంటది. నీ 20లో 8 అక్కడే పోయాయి. మిగిలింది కూడా సుఖంగా ఉండదు. మొత్తం పోకపోయినా తరకలు గ్యారెంటీ.

మాస్టారు_బ్రాడీపేట
అసలు పాయింటు ఇదే. ఫ్యాటీ యాసిడ్ వెసికిల్‌కి ఉన్న పెద్ద బలహీనత కాల్షియం, మెగ్నీషియం. ఎంత పీహెచ్ కుదిరినా కొద్ది మిల్లీమోలార్లు చాలు దాన్ని చెడగొట్టడానికి.

ఫార్ములేషన్_ఫణి
@నల్లపాడు_కుర్రోడు ఇట్టా చెయ్. మెడికల్ షాపులో ఇంజెక్షన్ వాటర్ దొరికిద్ది, లేదా ఏదైనా ఫార్మసీ కాలేజీలో అడిగి ఐదు లీటర్ల డిస్టిల్డ్ తెచ్చుకో. బ్యాటరీ నీళ్ళు మాత్రం వద్దు, ఏది ఎలాంటిదో చెప్పలేం. సోడియం ఒలియేట్ గాఢమైన స్టాక్ ముందు క్లియర్‌గా చేసి పెట్టుకో, అది మిసెల్స్. ఇంకో గ్లాసులో 0.2 మోలార్ బైసిన్ బఫర్ 8.5కి సరిచేసి పెట్టుకో. ఆ స్టాక్‌ని బఫర్‌లోకి కొంచెం కొంచెం వదులుతూ మెల్లగా కలుపు. హెచ్‌సీఎల్ నేరుగా పోస్తే చుక్క పడిన చోట పీహెచ్ ధభాల్న పడిపోయి అక్కడికక్కడే నూనె చుక్కలు కడతాయి, తర్వాత ఎంత కలిపినా అవి అంత తేలిగ్గా వెనక్కి రావు. బఫర్‌లోకి పోస్తే ఆ గొడవ లేదు. బైసిన్ లేకపోతే ట్రిస్ వాడొచ్చు.

మాస్టారు_బ్రాడీపేట
బఫరే లేకుండా కూడా ఒక దారి ఉంది. ఒలీక్ యాసిడ్ ఎన్ని మోల్స్ తీసుకున్నావో అందులో సరిగ్గా సగం మోల్స్ కాస్టిక్ ఇవ్వు. సగం అయాన్లు, సగం యాసిడ్, అది తనకు తానే బఫర్, పీహెచ్ తనంతట అదే 8.5 ప్రాంతంలో కూర్చుంటుంది. టైట్రేషన్ గ్రాఫ్ గీస్తే అక్కడ చదునుగా కనపడుతుంది. థీసిస్‌లో ఆ గ్రాఫ్ పెడితే నీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా అదే.

ఎర్రమిరప
మాస్టారూ మీరు గైడు గారి పక్కన సంతకం పెట్టాలి

కృష్ణాతీరం
అందరూ పీహెచ్ పీహెచ్ అంటున్నారు, అసలు ఎవరు అమరుస్తున్నారు వీటిని? తోకలకి నీళ్ళంటే పడదు కాబట్టి ఒక చోట చేరతాయి అంతేగా. దీన్నేదో సెల్ఫ్ అసెంబ్లీ అని పెద్ద పేరు పెట్టి

మాస్టారు_బ్రాడీపేట
తోకకి నీళ్ళంటే పగేమీ లేదండీ. హైడ్రోకార్బన్ గొలుసుకి నీటికి మధ్య ఆకర్షణ ఉంది, గొలుసుకి గొలుసుకి ఉన్నదానికంటే ఏమంత తక్కువ కాదు. నీళ్ళకి నీళ్ళంటే బాగా ఇష్టం, అక్కడుంది కథ. తోక మధ్యలో దూరితే దాని చుట్టూ ఉన్న నీటి అణువులు ఒకదానితో ఒకటి బంధాలు పోగొట్టుకోకుండా ఉండటానికి ఒక పద్ధతిలో సర్దుకోవాలి, వాటి స్వేచ్ఛ తగ్గుతుంది. తోకలన్నీ ఒకచోట చేరితే ఆ నీళ్ళు విడుదలవుతాయి, ఎంట్రోపీ (చెదురుతనం) పెరుగుతుంది. గది వేడిలో ఈ ప్రక్రియకి ఎంథాల్పీ (ఇచ్చిపుచ్చుకునే వేడి) దాదాపు సున్నా, మొత్తం బండి లాగేది ఎంట్రోపీయే. అణువులు వరసగా అమరుతుంటే ఎంట్రోపీ పెరగడమేంటి అని క్లాసులో ప్రతి ఏడాదీ ఒకరు లేచి అడిగేవారు, వరస పడింది సబ్బు, చెదిరింది నీళ్ళు.

ఫార్ములేషన్_ఫణి
సార్ ఆ నీళ్ళు మంచుగడ్డలా కట్టుకుంటాయన్న పాత బొమ్మ మీద ఇప్పటికీ గొడవలున్నాయి కదా. 1945లో ఫ్రాంక్, ఇవాన్స్ చెప్పింది.

మాస్టారు_బ్రాడీపేట
అందుకే మంచుగడ్డ అనలేదు, స్వేచ్ఛ తగ్గుతుంది అన్నా. అది కెలోరిమీటర్‌లో కనపడేదే. వేడి పెంచితే ఎంథాల్పీ కూడా సాయం చేస్తుంది, ఎంట్రోపీ వాటా తగ్గుతుంది. సోడియం డోడెసైల్ సల్ఫేట్ సీఎంసీ గది వేడి దగ్గర అన్నిటికంటే తక్కువై, అటూ ఇటూ పెరగడం కూడా దీనివల్లే.

కృష్ణాతీరం
సరే ఒప్పుకున్నా. కానీ మొన్న యూట్యూబ్‌లో ఒకాయన దీన్ని చూపించి ఇదిగో ప్రాణం ఇట్టాగే పుట్టింది అంటన్నాడు. సబ్బు బుడగ ప్రాణం ఎట్టా అయిద్ది?

డాక్టరమ్మ_లక్ష్మీపురం
ప్రాణం కాదు, గోడ. ప్రాణానికి ముందు ఒక లోపల, ఒక బయట అంటూ ఉండాలి కదా, ఆ గోడ ఫ్యాటీ యాసిడ్స్‌తో వచ్చి ఉండొచ్చు అన్నది వాదన. 1969లో ఆస్ట్రేలియాలో ముర్చిసన్ దగ్గర ఉల్క పడింది, దాంట్లోంచి తీసిన పదార్థంతో గోడలున్న బుడగలు కడతాయని డేవిడ్ డీమర్ అనే శాస్త్రవేత్త 1985లో చూపించాడు. అంతకు ముందే 1973లో జెబికీ, హిక్స్ ఒలీక్ యాసిడ్‌తో ఇవి కడతాయని నేచర్ పత్రికలో రాశారు. మన కుర్రోడు చేస్తున్నది అదే పని.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. వెసికిల్స్ ఉన్న నీళ్ళలోకి మిసెల్స్ వదిలితే వెసికిల్స్ వాటిని మింగి పెరుగుతాయి. 2003లో అమెరికాలో జాక్ షోస్టాక్ అనే శాస్త్రవేత్త ల్యాబ్ వాళ్ళు మాంట్‌మొరిలోనైట్ మట్టి కలిపితే మిసెల్స్ నుంచి వెసికిల్స్ గబగబా కడతాయని, మట్టి రేణువులు కూడా లోపలికి వెళ్తాయని చూపించారు. 2009లో జూ, షోస్టాక్ చూపించిందేంటంటే ఎక్కువ పొరలున్న వెసికిల్‌కి తిండి పెడితే గుండ్రంగా పెరగకుండా పొడుగు దారంలా సాగుతుంది, మెల్లగా ఊపితే ఆ దారం ముక్కలై పిల్ల వెసికిల్స్ అవుతాయి. లోపలున్న సరుకు కూడా పెద్దగా కారిపోదు.

కృష్ణాతీరం
అయితే సముద్రంలో పుట్టింది అంటారుగా. మిల్లాయన చెప్పినట్టు కాల్షియం పడితే తరకలే కదా. సముద్రం కంటే కఠినమైన నీళ్ళు ఏముంటాయి?

మిల్లు_మనిషి
అదీ ప్రశ్న అంటే

డాక్టరమ్మ_లక్ష్మీపురం
నిజంగానే పెద్ద తగువు అది. సముద్రపు నీళ్ళలో మెగ్నీషియం 50 మిల్లీమోలార్ పైన, కాల్షియం 10 దాకా. ఒలీక్ ఒక్కటే వేస్తే బతకదు. అందుకే డీమర్ లాంటివాళ్ళు సముద్రం కాదు, నేల మీద వేడినీటి గుంటలు, మంచినీళ్ళు అంటారు. ఇంకో పక్షం ఏమంటుందంటే అప్పట్లో ఒకే రకం యాసిడ్ స్వచ్ఛంగా ఎక్కడ దొరుకుతుంది, కలగూరగంపగా ఉండి ఉంటుంది. 2019లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 10 నుంచి 15 కార్బన్ల యాసిడ్స్, ఆల్కహాల్స్ కలిపేసి 70 డిగ్రీల్లో, సముద్రమంత ఉప్పులో, క్షారంలో కూడా వెసికిల్స్ వచ్చాయని రాశారు. ఆల్కహాల్ తల చిన్నది, మైనస్ ఉండదు, అయాన్ల మధ్య సర్దుకుని పీహెచ్ హద్దుని పైకి జరుపుతుంది. ఎవరు గెలిచారో నేను చెప్పను, నా ప్రాక్టీస్ పిత్తాశయం రాళ్ళ వరకే.

కృష్ణాతీరం
అయినా గోడ కట్టినంత మాత్రాన ఇల్లు కాదు. లోపల ఆర్ఎన్ఏ ఎవరు పెట్టారు?

డాక్టరమ్మ_లక్ష్మీపురం
అది వేరే కథ, దీంతో తేలదు. కాకపోతే ఫ్యాటీ యాసిడ్ గోడకి ఒక సుగుణం ఉంది, కారుతుంది. ఇప్పటి మన కణాల ఫాస్ఫోలిపిడ్ పొరలో నుంచి న్యూక్లియోటైడ్ (ఆర్ఎన్ఏ కట్టే ఇటుక) లాంటి చార్జి ఉన్న అణువు దానంతట అది పోలేదు, ద్వారాల ప్రోటీన్ కావాలి. ఫ్యాటీ యాసిడ్ పొరలో ఒక్కో అణువు లోపలి వరస నుంచి బయటి వరసకి సెకన్లలో పల్టీ కొడుతుంది, ఫాస్ఫోలిపిడ్‌కి అదే పని గంటలు, రోజులు. ద్వారాలు లేని రోజుల్లో తిండి లోపలికి రావాలంటే కారే గోడే మేలు.

బైపీసీ_బాధితురాలు
మేడమ్ పిత్తం అన్నారు కదా, మన పొట్టలో కూడా మిసెల్స్ ఉంటాయా? పాత ఎన్‌సీఈఆర్‌టీలో ఒక లైన్ ఉండేది

డాక్టరమ్మ_లక్ష్మీపురం
ఉంటాయి. నూనె అరిగాక వచ్చే ఫ్యాటీ యాసిడ్స్, మోనోగ్లిజరైడ్స్, పిత్త లవణాలు, కొలెస్ట్రాల్, ఏ, డీ, ఈ, కే విటమిన్లు అన్నీ కలిసి మిశ్రమ మిసెల్స్ అయి పేగు గోడ దాకా వెళ్తాయి. పిత్తం దారి మూసుకుపోతే కొవ్వు అరగక మలం జిడ్డుగా తేలుతుంది, కే విటమిన్ అందక రక్తం గడ్డకట్టడం ఆలస్యం అవుతుంది. అందుకే కామెర్ల పేషెంటుకి ఆపరేషన్ ముందు కే ఇంజెక్షన్ ఇస్తాం. ఎంట్రన్స్‌లో మొదటి సగమే అడిగేవారు.

ఎర్రమిరప
పొద్దున్నే ఇడ్లీ తింటూ చదివా, థ్యాంక్స్ మేడమ్

నల్లపాడు_కుర్రోడు
అప్‌డేట్. ఫార్మసీ కాలేజీలో తెలిసినాయన దగ్గర డిస్టిల్డ్ తెచ్చా. ట్రిస్ 8.5 బఫర్‌లోకి ఫణి అన్న చెప్పినట్టే స్టాక్ మెల్లగా వదిలా. తరకలు లేవు. లేత నీలం ఛాయలో మసక, పైన నూనె కూడా రాలా. మాస్టారు చెప్పిన సగం కాస్టిక్ పద్ధతి కూడా పక్కన పెట్టా, మీటర్ 8.6 చూపించింది. ఇప్పుడు కొత్త డౌటు. ఈ మసక నిజంగా వెసికిల్సేనా, బాగా సన్నటి నూనె చుక్కలు కావని ఎట్టా చూపించాలి? వైవాలో ఫస్ట్ క్వశ్చన్ అదే అడుగుతారు.

ఫార్ములేషన్_ఫణి
లోపల నీళ్ళున్నాయని చూపించాలి, నూనె చుక్కలో నీళ్ళుండవు. కాల్సీన్ రంగు బఫర్‌లో కలిపి దాంట్లోనే వెసికిల్స్ కట్టించు, తర్వాత సెఫరోజ్ 4బీ (సైజుని బట్టి వేరు చేసే జెల్) కాలమ్‌లో పొయ్యి. వెసికిల్స్ పెద్దవి కాబట్టి ముందు దిగుతాయి, విడి రంగు వెనక నిదానంగా వస్తది. ముందు దిగిన మసక భాగంలో రంగు ఉంటే లోపల నీళ్ళున్నట్టే. కాల్సీన్ మీద చాలా మైనస్‌లు ఉంటాయి, అందుకని డాక్టరమ్మ చెప్పిన కారే గోడలోంచి కూడా అంత త్వరగా బయటికి పోదు.

ఒక్క జాగ్రత్త. కాలమ్‌లో ఉత్త బఫర్ పోస్తే వెసికిల్స్ దారిలోనే పలచబడి హద్దు కిందకి పోయి విడిపోతాయి, రంగు మొత్తం బయటికొచ్చేస్తది, నువ్వు వెసికిల్సే రాలేదనుకుంటావు. కాలమ్ బఫర్‌లో కూడా రంగు లేని ఒలియేట్ ఒకటి రెండు మిల్లీమోలార్లు కలిపి ముందే కడిగి పెట్టుకో. ఫాస్ఫోలిపిడ్ చేసేవాళ్ళకి ఈ బాధ లేదు, అందుకే వాళ్ళ పద్ధతి చూసి కాపీ కొట్టినవాళ్ళు ఇక్కడ దెబ్బ తింటారు.

నల్లపాడు_కుర్రోడు
ఈ ముక్క పేపర్లో ఎక్కడా కనపడలా అన్నా. సెఫరోజ్ బయోటెక్ వాళ్ళ దగ్గర ఉంది, అడుగుతా. ఇంకోటి, స్టియరిక్ యాసిడ్ మా ల్యాబ్‌లో కిలో ఉంది, ఒలీక్ అయిపోవస్తోంది. దాంతో చేయొచ్చా?

మాస్టారు_బ్రాడీపేట
వద్దు. స్టియరిక్ కరిగేది 69 డిగ్రీల దగ్గర. గొలుసు తిన్నగా ఉండి గట్టిగా పేర్చుకుంటుంది, చల్లారగానే స్ఫటికాలైపోయి అడుగున పడుతుంది. ఒలీక్‌లో మధ్యలో ఉన్న వంపు పేర్పు కుదరనివ్వదు, అందుకే 13, 14 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. మన గుంటూరు మే నెల ఎండ కూడా స్టియరిక్‌కి చాలదు.

ఎర్రమిరప
ఈ ఏడాది చూద్దాం మాస్టారూ, తొందరపడకండి

సబ్బులక్క_పటమట
డెకనోయిక్ అన్నారు కదా మధ్యలో, అది కొబ్బరినూనెలో కొంచెం ఉంటది. దాంతో చేస్తే?

ఫార్ములేషన్_ఫణి
అయిద్ది అక్కా, కాకపోతే చాలా ఎక్కువ పోయాలి, పైగా మేక వాసన. సీసా మూత తీస్తే ల్యాబ్ మొత్తం తెలిసిద్ది. కరిగేది 31, 32 దగ్గర, చలికాలం గడ్డ, ఎండాకాలం నూనె. తూకం వేసే ముందు సీసా మొత్తం కరిగించి వేయాలి.

@నల్లపాడు_కుర్రోడు ఒలీక్ కొత్త సీసా కొంటే రంగు చూసి తీసుకో, పసుపు ముదిరిందంటే గాలి తగిలి ఆక్సీకరణ మొదలైనట్టు. వాడాక నైట్రోజన్ ఊది మూత పెట్టి ఫ్రీజర్‌లో పెట్టు. చేసిన వెసికిల్స్ మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకు, ఒలీక్ గడ్డకట్టే వేడి కిందకి పోతాయి, గది వేడిలోనే ఉంచి రెండు మూడు రోజుల్లో రీడింగులు తీసేసుకో.

మిల్లు_మనిషి
ల్యాబ్ గ్రేడు రేటు చూసి కళ్ళు తిరిగితే చెప్పు, మా దగ్గర ఫ్యాటీ యాసిడ్ డ్రమ్ముల్లో ఉంటది. దాంతో వెసికిల్స్ రావు, లారీ ఇంజను మాత్రం కడుక్కోవచ్చు

నల్లపాడు_కుర్రోడు
వద్దులే అన్నా, చిన్న సీసాకి ఆర్డర్ పెట్టేశా. కాల్సీన్ కూడా. సోమవారం కాలమ్ ప్యాక్ చేస్తా